డిగ్రీకి దారి వేసుకోవడం: విద్యార్థి సన్నద్ధత, అధ్యాపకుని సలహా

(ఆచార్య జి. రాంరెడ్డి స్మారకోపన్యాసం)



ఆచార్య జి. రాంరెడ్డి రాజనీతిశాస్త్రవేత్త. పంచాయతీరాజ్ వ్యవస్థ మీద ఆయన చేసిన పరిశోధన ఆ రంగంలో నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తొలి ఉపకులపతి ఆయనే. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే బాధ్యత కూడా ఆయనకే దక్కింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి, అంటే యూజీసీకి, అధ్యక్షులయ్యారు. 1995లో కన్నుమూశారు.

పదవుల జాబితా ఎవరికైనా ఉంటుంది. రాంరెడ్డి తరం ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం అప్పటి మామూలు కళాశాలలు ఎన్నడూ వేసుకోనిది. పగలు ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, ఇంటర్ కూడా చదవకుండా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరిన మనిషి ఉంటాడు. తరగతి గది లేదు, రోజూ కనిపించే మాస్టారు లేరు. ఏ కోర్సు ముందు చదవాలో, ఏది తర్వాతకు వాయిదా వేసుకోవచ్చో అతనికి ఎవరు చెప్పాలి? సార్వత్రిక విశ్వవిద్యాలయాలు దీనికి అధ్యయన కేంద్రాన్ని, అక్కడ సెలవు రోజుల్లో కూర్చునే కౌన్సెలర్‌ను సమాధానంగా చూపాయి. పాఠం పుస్తకంలో ఉన్నా దారి చెప్పడానికి మనిషి కావాలని అవి మొదటి నుంచీ ఒప్పుకున్నాయి. మామూలు డిగ్రీ కళాశాలలకు ఆ అవసరం ఇప్పుడు వచ్చింది. డిగ్రీని ముందుగా ప్రణాళిక వేసుకోవడం, ఆ ప్రణాళికతో సలహాదారు ముందు కూర్చోవడం అన్న విషయాన్ని ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకోవడానికి కారణం అదే.

1. గ్రూపు చూసుకునే కాలం

నిన్న మొన్నటి దాకా తెలుగునాట డిగ్రీలో చేరే విద్యార్థి తీసుకునే నిర్ణయం ఒక్కటే: గ్రూపు. ఇంటర్‌లో ఎంపీసీ అయితే బీఎస్సీ ఎంపీసీ, బైపీసీ అయితే బీజడ్‌సీ, సీఈసీ అయితే బీకాం లేదా హెచ్‌ఈపీ వంటి బీఏ గ్రూపు. మూడు ప్రధాన సబ్జెక్టులకూ సమాన విలువ. వాటికి తోడు ఇంగ్లిషు, ఒక రెండో భాష. ఏడాది చివర పరీక్షలు. ఒకసారి గ్రూపు రాసిచ్చాక చివరి ఏడాది ఏదో ఒక పేపరు తప్ప మూడేళ్లపాటు ఎంచుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. సలహా అంతా అడ్మిషన్ల రోజున, కమిటీ బల్ల దగ్గర, అయిదు నిమిషాల్లో ముగిసేది. నోటీసు బోర్డు మీది టైంటేబులే మిగతా పని చేసేది.

ఆ పద్ధతిని ఎగతాళి చేయనక్కర్లేదు. ఎంపిక లేనిచోట తప్పు ఎంపికకూ తావు లేదు. మూడు సబ్జెక్టులు చదివినవారికి పీజీలోనూ బీఈడీలోనూ మూడు తలుపులు తెరిచే ఉండేవి.

ఎంపిక వచ్చినచోట సలహా ఎలా పుట్టుకొచ్చిందో తెలుసుకోవాలంటే అమెరికాలోని హార్వర్డ్ చరిత్ర చూడాలి. 1869లో అక్కడ అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ నలభై ఏళ్లు ఆ పదవిలో ఉండి, అందరూ అదే చదవాలన్న పాత క్రమాన్ని దాదాపు పూర్తిగా తొలగించారు. విద్యార్థి తన కోర్సులు తానే ఎంచుకోవాలి. స్వేచ్ఛ బాగానే ఉంది కానీ తేలిక కోర్సులు ఏరుకునేవారు, ఒకదానికొకటి పొంతన లేని కోర్సులు పోగుచేసుకునేవారు కనిపించసాగారు. కొత్త విద్యార్థులకు సలహాదారులుగా అధ్యాపకులను నియమించడం ఆ కాలంలోనే మొదలైంది. ఎలియట్ తర్వాత వచ్చిన లారెన్స్ లోవెల్ మరో అడుగు వేసి, ఒక విషయంలో లోతు, మిగతా వాటిలో విస్తృతి ఉండాలని నియమం పెట్టారు. నేడు మన కళాశాలల్లో వినిపిస్తున్న మేజర్ అనే ప్రధాన సబ్జెక్టు, మైనర్ అనే రెండో సబ్జెక్టు పద్ధతికి అది దగ్గరి పూర్వరూపం.

1972లో టెర్రీ ఒబానియన్ అనే అమెరికన్ విద్యావేత్త సలహా ప్రక్రియను అయిదు మెట్లుగా చెప్పారు. మొదట జీవితంలో ఏం కావాలన్నది, తర్వాత వృత్తి, తర్వాత ఏ డిగ్రీ, తర్వాత ఏ కోర్సులు, చివరికి టైంటేబులు. వరుస గమనించండి. మన దగ్గర అడ్మిషన్ల కాలంలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. బస్సు ఏ కాలేజీకి ఉంది, సీటు ఎక్కడ వచ్చింది, అక్కడ ఏ కాంబినేషన్ ఖాళీగా ఉంది అన్నవి ముందు తేలతాయి. ఏం కావాలన్న ప్రశ్న ఆరో సెమిస్టర్‌లో మొదలవుతుంది.

2. నాలుగేళ్ల లెక్క

2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చదువుకు కొత్త పాఠ్య, క్రెడిట్ చట్రాన్ని ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. నాలుగేళ్ల డిగ్రీలో మేజర్‌కు కనీసం 80, మైనర్‌కు 32. మిగిలినవి భాషలు, నైపుణ్య కోర్సులు, విలువల కోర్సులు, ఇతర శాఖల కోర్సులు, ఇంటర్న్‌షిప్. ఇతర శాఖల కోర్సుల్లో ఒక మెలిక ఉంది. ఇంటర్‌లో చదివిన సబ్జెక్టునే ఈ కోటాలో మళ్లీ తీసుకోకూడదు. తెలిసిన సబ్జెక్టయితే మార్కులు సులువుగా వస్తాయన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు.

మధ్యలో ఆగిపోయేవారికి కూడా దారి పెట్టారు. మొదటి ఏడాది 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండో ఏడాది 80తో డిప్లొమా. అయితే ఆగిపోయేవారు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు అదనంగా పూర్తి చేసి ఉండాలి. మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చు. మొత్తం డిగ్రీని ఏడేళ్లలో ముగించాలి. రెండో సెమిస్టర్ చివర మేజర్ మార్చుకునే వీలు కూడా చట్రంలో ఉంది.

ఇది దేశానికంతటికీ చెప్పిన కొలత. రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు, విశ్వవిద్యాలయాలు దీన్ని తమకు తగ్గట్టు సవరించుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి మూడు సమాన సబ్జెక్టుల స్థానంలో ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతికి మారింది. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి. వెబ్ ఆప్షన్లలోనే కాలేజీనీ కోర్సునూ కలిపి ఎంచుకోవాలి. కాబట్టి విద్యార్థి నమ్మవలసింది తాను చేరిన విశ్వవిద్యాలయం తాను చేరిన సంవత్సరానికి ఇచ్చిన నియమావళినే. సీనియర్ చెప్పిన మాట నిజమే కావచ్చు, కానీ అది సీనియర్ బ్యాచ్‌కు నిజం.

క్రెడిట్ అంటే ఏమిటో విద్యార్థికి గంటల్లో చెప్పాలి. సెమిస్టర్‌లో పదిహేను గంటల పాఠం ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే ముప్ఫై గంటలు. అంటే మూడు క్రెడిట్ల థియరీ, ఒక క్రెడిట్ ప్రాక్టికల్ ఉన్న సైన్సు కోర్సు వారానికి అయిదు గంటలు తీసుకుంటుంది. దీనికి ఇంటి చదువు అదనం. జాతీయ క్రెడిట్ చట్రం ఏడాదికి 40 క్రెడిట్లకు 1,200 గంటల అభ్యసనాన్ని లెక్కగట్టింది. తరగతి, ల్యాబ్, ఇంటి చదువు, పరీక్ష అన్నీ కలిపి క్రెడిట్‌కు ముప్ఫై గంటలు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లంటే 600 గంటలు. దాన్ని పదిహేను వారాలకు పంచితే వారానికి నలభై గంటలు. డిగ్రీ అంటే ఖాళీగా ఉండే చదువన్న మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. లెక్క ప్రకారం అది పూర్తి ఉద్యోగమంత పని. సాయంత్రం మెడికల్ షాపులో పనిచేస్తూ, రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే విద్యార్థి ఈ లెక్క ముందు వేసుకుంటే, ఏ సెమిస్టర్‌లో అదనపు ఆన్‌లైన్ కోర్సు పెట్టుకోకూడదో అతనికే తెలుస్తుంది.

3. కాగితాలు

సలహాదారు దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లడం, పాత చీటీలు ఇంట్లో పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లడం లాంటిదే. చెప్పేవారికి అనుభవం ఎంత ఉన్నా ఊహ మీద చెప్పాల్సి వస్తుంది.

తీసుకెళ్లవలసినవి ఎక్కువేం లేవు. ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోలు, తన బ్యాచ్ నియమావళి, ఎనిమిది సెమిస్టర్ల కోర్సుల పట్టిక, హాజరు శాతం, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో కనిపించే జమ. చివరిది కొత్తది కాబట్టి కొంచెం చెప్పాలి. 2021లో యూజీసీ నిబంధనలతో వచ్చిన ఈ క్రెడిట్ బ్యాంకు ఖాతాను డిజీలాకర్ ద్వారా తెరుస్తారు. విద్యార్థి పాసైన కోర్సుల క్రెడిట్లను విశ్వవిద్యాలయం అందులో జమచేస్తుంది. వేరే కళాశాలకు మారినా, స్వయం వేదికలో ఆన్‌లైన్ కోర్సు చదివినా ఆ క్రెడిట్లు ఇక్కడికే రావాలి. పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా ఉంటే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంటిపేరు ముందు రావాలా వెనక రావాలా అన్నది తెలుగువారికి ఎప్పుడూ ఉన్న తలనొప్పే. దాన్ని మొదటి సెమిస్టర్‌లో సరిచేసుకోవడానికి ఒక అర్జీ చాలు. చివరి సెమిస్టర్‌లో అయితే కన్వొకేషన్ దరఖాస్తు దాకా వెంటాడుతుంది.

మెమో చదవడం అందరికీ వచ్చని అనుకుంటారు. చాలామంది చూసేది పాసా, ఫెయిలా అన్నది ఒక్కటే. ఒక సెమిస్టర్ మెమోను దగ్గరగా చూద్దాం. ఆరు కోర్సులు, 20 క్రెడిట్లు. నాలుగు కోర్సులకు నాలుగేసి క్రెడిట్లు, వాటిలో గ్రేడు పాయింట్లు 8, 8, 7, 6. మిగిలిన రెండు కోర్సులకు రెండేసి క్రెడిట్లు, రెండింటిలోనూ 9. క్రెడిట్‌ను పాయింట్‌తో గుణించి కలిపితే 152. ఇరవైతో భాగిస్తే సగటు 7.6. రెండు క్రెడిట్ల కోర్సులో తొమ్మిదిని పదికి పెంచడానికి విద్యార్థి ఎంత కష్టపడినా సగటు 7.7 దాటదు. నాలుగు క్రెడిట్ల కోర్సులో ఆరును ఎనిమిది చేయగలిగితే సగటు 8 అవుతుంది. కష్టం ఎక్కడ పెట్టాలో మెమోయే చెబుతోంది. విద్యార్థులు ఈ లెక్క ఇంటికి వెళ్లాక తమ మెమో మీద వేసి చూసుకోవాలి.

హాజరు సంగతి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. 75 శాతం అన్నది అందరికీ తెలుసు. తగ్గితే వైద్య కారణాల మీద కాండొనేషన్ ఫీజు కట్టి కొంతమేర బయటపడవచ్చు. అంతకంటే తగ్గితే డిటెన్షన్. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన ఇంట్లో డిటెన్షన్ అంటే ఏడాది నష్టంతో పోదు. చదివిన ఏడాదిని మళ్లీ చదివితే ఆ ఖర్చు సాధారణంగా ఇంటి మీదే పడుతుంది.

4. చివరి నుంచి మొదటికి

డిగ్రీ ప్రణాళికను మొదటి సెమిస్టర్ నుంచి ముందుకు రాసుకుంటూ పోతే అది కోర్సుల జాబితా అవుతుంది. చివరి నుంచి వెనక్కి రాసుకుంటేనే ప్రణాళిక. డిగ్రీ తర్వాత ఏ గుమ్మం ముందు నిలబడాలో, అక్కడ ఏమడుగుతారో ముందు తెలియాలి. ఈ ఉపన్యాసంలో ముఖ్యంగా చెప్పదలచిన మాట ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి.

మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం మేజర్‌గా చేరిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె మనసులో రెండు దారులున్నాయి. ఒకటి, ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, విశాఖ దగ్గర పరవాడలోనో ఒక ఔషధ కంపెనీ ల్యాబ్‌లో చేరడం. రెండు, బీఈడీ చేసి డీఎస్సీ రాసి స్కూల్ అసిస్టెంట్ కావడం. మైనర్‌గా ఆమె ముందు భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ ఉన్నాయి. స్నేహితురాళ్లందరూ కంప్యూటర్ తీసుకుంటున్నారు.

మొదటి దారికి మైనర్ ఏదైనా పెద్ద తేడా రాదు. ఎంఎస్సీ ప్రవేశ పరీక్షలో అడిగేది రసాయనశాస్త్రమే. తెలంగాణలో సీపీగెట్ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ అయినా అంతే. రెండో దారి అలా కాదు. ఉపాధ్యాయ నియామకాల్లో డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారన్నది చూస్తారు. బీఈడీలో మెథడాలజీ కూడా దాన్నిబట్టే వస్తుంది. ఫిజికల్ సైన్స్ బోధించాలనుకునేవారికి రసాయనశాస్త్రానికి తోడు భౌతికశాస్త్రం ఉండటం అక్కరకొస్తుంది. బీఎస్సీ ఎంపీసీ కాలంలో ఈ ప్రశ్నే లేదు, రెండూ గ్రూపులోనే ఉండేవి. ఇప్పుడు ఆ అమ్మాయి ఒక ఫారంలో ఒక గడి నింపే క్షణంలో ఆ తలుపు తెరిచి ఉంచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. కంప్యూటర్ తీసుకోవద్దని కాదు. తీసుకుంటే ఏ దారి ఇరుకవుతుందో తెలిసి తీసుకోవాలి. తాజా నోటిఫికేషన్‌లో అర్హతల పేరా ఒకసారి చదివి రమ్మని ఆమెకు చెప్పడమే ఇక్కడ మంచి సలహా.

ఇలాంటి గుమ్మాలు మరికొన్ని ఉన్నాయి. ఎంఎస్సీ భౌతికశాస్త్రానికి డిగ్రీలో గణితం కూడా ఉండాలని చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. గ్రూప్-1కు, సివిల్ సర్వీసులకు ఏ డిగ్రీ అయినా సరే. వాటి కోసమని మేజర్‌ను మార్చుకోవలసిన పని లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో పీజీ తప్పనిసరి.

పరిశోధనతో కూడిన ఆనర్స్ మరో ఉదాహరణ. నాలుగో ఏడాదిలో పరిశోధన ప్రాజెక్టు చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని యూజీసీ చట్రం చెబుతోంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ఈ 75 అన్న అంకె విద్యార్థి చెవిన ఎప్పుడు పడిందన్నదే అసలు సమస్య. రెండు సెమిస్టర్లు అయ్యేసరికి సగటు 70 ఉన్న విద్యార్థికి అప్పుడే తెలిస్తే, మిగతా నాలుగు సెమిస్టర్లలో 77.5 తెచ్చుకుంటే చాలు. కష్టమే కానీ సాధ్యం. అదే 70 సగటుతో నాలుగు సెమిస్టర్లు గడిచాక తెలిస్తే, మిగిలిన రెండింటిలో 85 రావాలి. అయిదో సెమిస్టర్ కూడా అయ్యాక తెలిస్తే ఆరో దానిలో వంద తెచ్చుకోవాలి. ఒకే విద్యార్థి, ఒకే తెలివి. సమాచారం అందిన తేదీ మాత్రమే మారింది.

వెనక్కి రాసుకునే ఈ పట్టికకు ఒక కాగితం చాలు. ఎనిమిది నిలువు గళ్లు, ఒక్కో గడిలో ఆ సెమిస్టర్ కోర్సులు, క్రెడిట్లు. ఏ కోర్సుకు ముందు ఏది చదివి ఉండాలో బాణం గుర్తుతో. ఏ కోర్సు ఏడాదికి ఒక్కసారే నడుస్తుందో పక్కన గుర్తు. బ్యాక్‌లాగ్ ఉంటే దానికి సప్లిమెంటరీ ఏ నెలలో వస్తుందో కింద. ఇంటర్న్‌షిప్‌కు వేసవి ఖాళీ ఉంచుకోవాలి. ఆ వేసవిలోనే ప్రవేశ పరీక్ష ఉంటే రెండూ ఢీకొంటాయి, ఆ సంగతి కాగితం మీదే బయటపడుతుంది. పై సెమిస్టర్‌కు వెళ్లడానికి కనీసం ఇన్ని క్రెడిట్లు పాసై ఉండాలన్న నియమం చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఆ గీత ఎక్కడ పడుతుందో పట్టికలో ఎర్ర సిరాతో గీసుకోవాలి. మిగతా అంతా పెన్సిల్‌తో రాసుకోవాలి. అది మారుతుంది, ఆ ఎర్ర గీత మారదు.

5. బల్లకు అటూ ఇటూ

“సార్, ఏ మైనర్ తీసుకుంటే మంచిది?” ఇది అధ్యాపకులు రోజూ వినే ప్రశ్న. దీనికి జవాబు లేదు. ఉన్నా అది అధ్యాపకుని ఇష్టం అవుతుంది తప్ప విద్యార్థి అవసరం కాదు. ఇందాక చెప్పుకున్న రసాయనశాస్త్రం అమ్మాయే తన పట్టిక ముందు పెట్టి, “సార్, నాకు టీచరు ఉద్యోగం మీద మనసుంది. ఫిజిక్స్ మైనర్ తీసుకుంటే నాలుగో సెమిస్టర్‌లో ల్యాబ్‌లు రెండూ ఒకే రోజు పడుతున్నాయి. ఇంటర్‌లో నాది బైపీసీ, మ్యాథ్స్ లేదు. ఎలా?” అని అడిగితే, అధ్యాపకుడు చేయగలిగింది చాలా ఉంది. ల్యాబ్ బ్యాచ్ మార్చడానికి హెచ్‌ఓడీతో మాట్లాడవచ్చు. గణితం అంతగా అవసరం లేని మొదటి కోర్సు ఏదో చెప్పవచ్చు. బ్రిడ్జి తరగతి ఉంటే అందులో చేర్చవచ్చు. పోయినేడు అదే ఇబ్బంది దాటిన సీనియర్‌ను చూపించవచ్చు. రెండు ప్రశ్నలకూ పట్టే సమయం ఒకటే. మొదటిది అడిగినవారు ఒక అభిప్రాయం తీసుకుని వెళతారు, రెండోది అడిగినవారికి పని జరుగుతుంది.

తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదన్నది ఇక్కడే చెప్పాలి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఏం అడగాలో కూడా తెలియదు. సార్‌తో మాట్లాడటమంటేనే బెరుకు. అలాంటివారికి ప్రశ్న తయారు చేసుకోవడం నేర్పడమే మొదటి సలహా. “నాకు ఏదీ తేలడం లేదు” అన్నది కూడా న్యాయమైన ప్రారంభమే. మొదటి ఏడాదిలో అలా చెప్పినవారికి, రెండో సెమిస్టర్ చివరిదాకా రెండు మేజర్లకూ పనికొచ్చే కోర్సులు చూపించి నిర్ణయాన్ని వాయిదా వేయించవచ్చు.

సలహాదారు చేయలేనివి కూడా ఉన్నాయి. నియమాన్ని సడలించే అధికారం అతనికి ఉండదు, అది బోర్డ్ ఆఫ్ స్టడీస్‌దో పరీక్షల విభాగానిదో. ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేడు. నిర్ణయం తాను తీసుకోకూడదు. తల్లిదండ్రులు పక్కన కూర్చున్నప్పుడు ఇది మరీ గుర్తుంచుకోవాలి. నాన్న మాట్లాడుతుంటే కూతురు నేల చూస్తూ కూర్చునే దృశ్యం మన కళాశాలల్లో అరుదు కాదు. అప్పుడు ప్రశ్నను పేరు పెట్టి అమ్మాయినే అడగడం అధ్యాపకుని బాధ్యత.

చివరికి తేలిన మాటను రెండు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, ఇద్దరి దగ్గరా చెరో ప్రతి ఉంచుకోవాలి. ఆరు నెలల తర్వాత “మీరే చెప్పారు కదా సార్” అన్న మాట రాకుండా ఉండటానికి ఇంతకంటే మార్గం లేదు.

విదేశాలకు వెళ్లే పిల్లల సంగతి సభలో కొందరి మనసులో ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో సలహాదారును కలవకపోతే తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరవని చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ ఇద్దరు వేర్వేరు వ్యక్తులుంటారు. కోర్సుల గురించి చెప్పేది అకడమిక్ అడ్వైజర్. వీసా నిబంధనల గురించి చెప్పేది డీఎస్‌ఓ అనే అధికారి. ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. కష్టంగా ఉందని అడ్వైజర్ సలహాతో ఒక కోర్సు వదిలేసి, డీఎస్‌ఓ ముందస్తు అనుమతి తీసుకోకపోతే వీసాకే ముప్పు. ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లేవారు మరో సంగతి ముందే చూసుకోవాలి. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. నాలుగో ఏడాది చదవాలా వద్దా అన్న నిర్ణయంలో ఇది కూడా ఒక లెక్క.

6. కళాశాల వంతు

ఇప్పటిదాకా చెప్పింది విద్యార్థి చేయవలసింది. సంస్థ చేయవలసింది చేయకపోతే ఇదంతా పిల్లల మీదకు నెట్టిన భారం అవుతుంది.

కళాశాలల నాణ్యతను అంచనా వేసే నాక్ సంస్థ మూల్యాంకనంలో మెంటర్‌కు, అంటే సలహాదారుగా నియమించిన అధ్యాపకునికి, ఎంతమంది విద్యార్థులున్నారన్న నిష్పత్తిని అడుగుతూ వచ్చారు. అందువల్ల మెంటర్ల జాబితా లేని కళాశాల ఇప్పుడు దాదాపు లేదు. జాబితా ఉంది, రిజిస్టరు ఉంది, బృందం వచ్చే వారం ముందు ఒకే సిరాతో నింపిన పేజీలూ ఉన్నాయి. ప్రిన్సిపాళ్లు నొచ్చుకోవద్దు. ఆ పేజీలు ఎలా నిండుతాయో ఈ హాల్లో అందరికీ తెలుసు. లోపం అధ్యాపకుల శ్రద్ధలో కంటే ఏర్పాటులోనే ఎక్కువ. వారానికి నిండా తరగతులున్న అధ్యాపకునికి మెంటరింగ్ గంటను టైంటేబులులో చూపకుండా, పనిభారంలో లెక్కించకుండా సలహా ఇవ్వమనడం న్యాయం కాదు. చాలాచోట్ల శాశ్వత అధ్యాపకులు తక్కువ, గెస్ట్ ఫ్యాకల్టీ ఎక్కువ. ఈ ఏడాది మెంటర్ వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియదు. అలాంటప్పుడు విద్యార్థి పట్టిక విద్యార్థి దగ్గరే ఉండాలన్న నియమం మరింత అవసరం. మెంటర్ మారినా కాగితం మారదు.

ఇంకొకటి ఉంది. కాగితం మీద పది మైనర్లు చూపి, అధ్యాపకులున్న రెండింటినే నడిపే కళాశాలలో ఎంపిక అన్నది పేరుకే. అలాంటి చోట ప్రణాళిక వేసుకొమ్మని విద్యార్థికి చెప్పడం మోసం. నడపగలిగిన కోర్సులేవో, ఏ సెమిస్టర్‌లో నడుపుతారో ముందే ప్రకటించాలి. నడపలేనివాటికి స్వయం వేదికలో సరితూగే కోర్సు ఏదో సూచించాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా అక్కడ చదివే వీలుంది. ఆ వీలును మన విశ్వవిద్యాలయం ఎంతవరకు ఒప్పుకుంటుందో కూడా నోటీసులో రాయాలి.

ఈ పనులకు కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. ప్రిన్సిపాళ్లకు ఈ సభ తరఫున ఒక్క విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం తరగతులు మొదలయ్యే రోజున, ఎనిమిది సెమిస్టర్లలో మీ కళాశాల నిజంగా నడపబోయే కోర్సుల పట్టికను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ నోటీసు బోర్డు మీద పెట్టండి. దాని కిందనే ప్రతి మెంటర్ పేరు, ఆయన లేదా ఆమె కూర్చునే గది, వారంలో ఏ రోజు ఏ గంట అన్నది రాయండి. విద్యార్థులు తమ మెమోలు, పట్టిక పట్టుకుని ఆ గదికి మొదటి సెమిస్టర్ ఇంటర్నల్ పరీక్షలు మొదలయ్యేలోపు ఒక్కసారైనా వెళ్లాలి.